అరచేతి గీతలు, ఎండ మాత్రలు

"ఏదీ, చెయ్యి చూపించండి" అన్నారు డాక్టరుగారు.

పగుళ్లు, ఎర్రదనం, రాలే పొట్టు అన్నీ చేతి వెనకవైపే ఉన్నాయి కదా అని నేను అటువైపే చాపాను. ఆవిడ దాన్ని ఒక్క చూపు చూసి, చెయ్యి తిప్పి, అరచేతిని లైటు కిందకి లాక్కున్నారు. బొటనవేలి కింద దిబ్బ మీద అడ్డదిడ్డంగా అల్లుకుపోయిన సన్నగీతల్ని వేలితో సాగదీసి మరీ చూశారు.

"భవిష్యత్తు చెబుతారా ఏంటి?" అన్నాను.

"భవిష్యత్తు కాదండీ, గతం. మీ నాన్నగారి కాళ్లు ఎప్పుడైనా పరీక్షగా చూశారా?"

నాకు 44 ఏళ్లు. పదిహేడేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నాన్న కాళ్లకి దణ్ణం పెట్టాను కానీ వాటిని పరీక్షగా చూడమని ఎవరూ అడగలేదు. అప్పటికి నేను ఆవిడ దగ్గరికి తీసుకెళ్లింది వేరే లెక్క. చేతిలో ఒక నోటు పుస్తకం, అందులో ఏడాదిన్నరగా రాసుకున్న దురద మార్కులు, మూడు విటమిన్ డి రిపోర్టులు. వాటిలో జవాబు ఉందని గట్టిగా నమ్మి వెళ్లాను. ఆ నమ్మకం నా చేత ఏడాదిన్నర వృథా చేయించింది. ఈ పోస్టు దాని గురించే.

ముందు పేరు సంగతి. నా చేతికున్నది ఎగ్జిమా, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే అటోపిక్ డెర్మటైటిస్. మన భాషలో దీనికి సరైన పేరు లేకపోవడం పెద్ద తలనొప్పి. చూసినవాళ్లు గజ్జి అంటారు. గజ్జి ఒక పురుగు వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఇంకొందరు తామర అంటారు. వాడుకలో తామర అంటే ఎక్కువమందికి గుండ్రంగా పాకే ఫంగస్. ఎగ్జిమా పురుగూ కాదు, ఫంగసూ కాదు, అంటుకోదు కూడా. కానీ స్టాఫ్‌రూమ్‌లో పక్కనాయన నా పెన్ను అడిగి, నా వేళ్లు చూసి "వద్దులెండి" అన్న రోజు నేనీ ఉపన్యాసం ఇవ్వలేకపోయాను. పెన్ను జేబులో పెట్టేసుకున్నాను, అంతే.

చిన్నప్పుడు నాకు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఉండేదట. ఎనిమిదేళ్లకి పోయిందని అమ్మ చెబుతుంది. ముప్ఫై ఏళ్ల సెలవు తీసుకుని 38వ ఏట తిరిగొచ్చింది. ఈసారి మడతల్ని వదిలేసి చేతులు, కనురెప్పలు, మెడ ఎంచుకుంది. పెద్దవాళ్లలో అది ఎక్కువగా కనబడే చోట్లు అవేనని తర్వాత తెలిసింది. రోజుకి ఆరు పీరియడ్లు సుద్దముక్క పట్టుకోవడం, పీరియడ్ పీరియడ్‌కీ సబ్బుతో చేతులు కడుక్కోవడం దానికి బాగా నచ్చాయి. రాత్రి పదకొండు దాటితే దురద. గోకితే హాయి, హాయి తర్వాత మంట, మంట తర్వాత రసి. పొద్దున్నే దుప్పటి మీద చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు.

విటమిన్ డి ఎలా వచ్చిందంటే, ఏదో మామూలు ఆరోగ్య పరీక్షలో అది కూడా కలిపి చేశారు. నంబరు 11. మిల్లీలీటరు రక్తానికి 11 నానోగ్రాములు. 12కి లోపలైతే లోపం కిందే లెక్క, ఎముకలకి 20 సరిపోతుందనేది చాలామంది ఒప్పుకునే మాట. 30 ఉండి తీరాలని 2011లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ చెప్పింది, ఆ గీతని 2024లో తనే చెరిపేసింది. ఏ గీత ప్రకారం చూసినా 11 తక్కువే. నాకు భలే సంతోషం వేసింది. చాలా ఏళ్లుగా ఎందుకో తెలియని జబ్బుకి చివరికి ఒక నంబరు దొరికింది. లెక్కల మాస్టారికి నంబరు దొరికితే ఇంకేం కావాలి.

ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ కథ చక్కగా అతుక్కుంటూ వచ్చింది. విటమిన్ డి తయారయ్యేదే చర్మంలో. ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు చర్మం పైపొరల్లో ఉండే 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే ముడిసరుకుని తాకితే అది విటమిన్ డి3గా మారుతుంది. అక్కడి నుంచి కాలేయానికి వెళ్లి ఒక మార్పు, మూత్రపిండాల్లో ఇంకో మార్పు, అప్పుడు పనికొచ్చే రూపం. చర్మకణాలకి ఈ ప్రయాణం కూడా అక్కర్లేదు, ఆ మార్పులన్నీ అవే చేసుకోగలవు. అలా తయారైన డి, చర్మంలో క్యాథలిసిడిన్ అనే ప్రొటీన్ తయారీకి మీట నొక్కుతుంది. క్యాథలిసిడిన్ మన ఒంటి సొంత యాంటీబయాటిక్. ఎగ్జిమా ఉన్న చర్మంలో ఇలాంటి కాపలా ప్రొటీన్లు ఉండాల్సినంత పెరగవని 2002లోనే తేలింది. కాపలా లేని ఇంట్లోకి స్టఫైలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా వచ్చి కూర్చుంటుంది. ఎగ్జిమా మచ్చల మీద నుంచి నమూనా తీస్తే పదిమందిలో ఏడుగురికి అది దొరుకుతుంది.

అంటే డి తక్కువైతే కాపలా తక్కువ, కాపలా తక్కువైతే బ్యాక్టీరియా, అది ఉంటే దురద. నాలుగు మెట్ల నిరూపణ. బోర్డు మీద రాసి కింద గీత గీసెయ్యొచ్చు.

పైగా ప్రయోగాలు కూడా ఉన్నాయి. మంగోలియాలో చలికాలంలో ఎగ్జిమా ముదిరే 107 మంది పిల్లల్ని తీసుకుని, సగం మందికి రోజుకి 1000 యూనిట్ల విటమిన్ డి, మిగతా సగానికి ఉత్తుత్తి మందు నెలరోజులిచ్చారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో, జబ్బు తీవ్రతకి వేసే మార్కులు డి తీసుకున్నవాళ్లలో సగటున 6.5 తగ్గితే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 3.3 తగ్గాయి. ఇది చదివి చప్పట్లు కొట్టినంత పనిచేశాను. ఉత్తుత్తి మందుకి కూడా 3.3 తగ్గిందన్న సంగతి అప్పుడు నా కళ్లకి ఆనలేదు. అది పిల్లల మీద, ఎండ మొహం చూడని చలికాలంలో, ఒక్క నెలపాటు చేసిన ప్రయోగమన్న సంగతి కూడా. ఒక పిల్లాడు పరీక్షలో ఇలా రాస్తే "ఇచ్చిన షరతులు చదవలేదు" అని ఎర్రసిరాతో రాసి ఉండేవాణ్ణి.

మాత్రలు మొదలుపెట్టాను. వారానికొక పెద్ద మాత్ర చొప్పున ఎనిమిది వారాలు, తర్వాత రోజుకి 1000 యూనిట్లు. దానికి నెల ముందే నోటు పుస్తకం తెరిచాను. పడుకోబోయే ముందు ఆ రోజు దురదకి సున్నా నుంచి పది దాకా మార్కు. మాత్రలు వేసుకోని మొదటి నెల సగటు 6.2. మూడు నెలల తర్వాత రక్తంలో డి 34కి చేరింది. ఆ నెల దురద సగటు 5.9.

నిజాయితీగా చూస్తే అది ఏమీ మారలేదని అర్థం. నేను నిజాయితీగా చూడలేదు. "తగ్గుతోంది, ఇంకాస్త పెంచాలి" అనుకున్నాను. డాక్టరుని అడక్కుండా, రోజూ మాత్రతో పాటు వారం మాత్ర కూడా మళ్లీ మొదలుపెట్టాను. ఎక్కువైతే ఎండలాగే ఒంటికి పడుతుందిలే అని ఒక పిచ్చి లెక్క. పడదు. ఎండలో ఎంతసేపు నిలబడ్డా చర్మం ఒక హద్దు దాటి డి తయారు చెయ్యదు, మిగిలినదాన్ని పనికిరాని రూపాల్లోకి మార్చేస్తుంది. మాత్రకి ఆ హద్దు లేదు. మోతాదు బాగా మించితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది, వాంతులు, అతిదాహం, మూత్రపిండాల్లో రాళ్లు, ఇంకా ముదిరితే మూత్రపిండాలే దెబ్బతింటాయి. పెద్దవాళ్లు సొంతంగా రోజుకి 4000 యూనిట్లు దాటకూడదన్న హద్దు అందుకే. నా మూడో రిపోర్టులో నంబరు 62. కాల్షియం మామూలుగానే ఉంది, అదృష్టం. దురద సగటు 6.4.

డి 11గా ఉన్నప్పుడు 6.2, 62గా ఉన్నప్పుడు 6.4.

డాక్టరుగారు నోటు పుస్తకం తిరగేసి, మొదట మెచ్చుకున్నారు, తర్వాత తిట్టారు. "ఇంత శ్రద్ధగా రాశారు. పుస్తకం చెప్పింది మాత్రం వినలేదు." అప్పుడే అరచెయ్యి తిప్పి చూసింది.

ఆ తర్వాత ఆవిడ అడిగిన ఇంకో ప్రశ్న నన్ను కాస్త కుదిపింది. "మీరు ఎప్పట్నుంచి ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటున్నారు?" లెక్క వేసుకుంటే ఎగ్జిమా తిరగబెట్టిన ఏడాది నుంచే. మెడ కనబడకుండా కాలర్ బొత్తాం. సాయంత్రం పిల్లలతో గ్రౌండ్‌లో నిలబడటం మానేశాను, చెమట పడితే మంట కాబట్టి. మధ్యాహ్నం నీడపట్టున కూర్చోవడం అలవాటైంది. ఎండ తగలని ఒంట్లో డి ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా ఒంట్లో వాపు ఎక్కువగా ఉంటే దాని వల్ల కూడా రక్తంలో డి నంబరు కిందకి దిగుతుంది. నేను గీసిన బాణం తలకిందులైంది. డి తగ్గి ఎగ్జిమా వచ్చిందనుకున్నాను. ఎగ్జిమా వచ్చి డి తగ్గి ఉండొచ్చు.

ఇదంతా విన్నా నాకు ఒక సందేహం మిగిలింది. వేసవి సెలవుల్లో చాలామందికి ఎగ్జిమా నెమ్మదిస్తుంది కదా, ఎండ పనిచేస్తున్నట్టే కదా? పనిచేస్తుంది. ఆస్పత్రుల్లో 311 నానోమీటర్ల దగ్గరి యూవీబీ కాంతితో ఎగ్జిమాకి చికిత్స చేస్తారు, చాలామందికి తగ్గుతుంది, అదే సమయంలో వాళ్ల విటమిన్ డి కూడా పెరుగుతుంది. కానీ కాంతి చర్మంలో చేసే పనుల్లో డి తయారీ ఒకటి మాత్రమే. అతిగా రెచ్చిపోయిన రోగనిరోధక కణాల్ని అది నేరుగానే చల్లబరుస్తుంది. వాన పడితే చెట్లూ తడుస్తాయి, గొడుగులూ తెరుచుకుంటాయి. గొడుగులు తెరిచినందుకు చెట్లు తడిశాయని ఎవరూ అనరు.

మరి తేల్చేదెలా? ఇక్కడ నాకు చాలా నచ్చిన ఒక పద్ధతి ఉంది, కొంచెం వివరంగా చెప్పాలి.

తరగతిలో 40 మందిని రెండు జట్లు చెయ్యాలంటే నేను చీటీలు తీయిస్తాను. మీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోండి అంటే బాగా ఆడేవాళ్లంతా ఒకవైపు చేరిపోతారు, ఆఖర్న ఏ జట్టు ఎందుకు గెలిచిందో చెప్పలేం. విటమిన్ డి విషయంలో మనుషులు ఇష్టం వచ్చినట్టు కట్టుకున్న జట్లే. ఎండలో తిరిగేవాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒకవైపు. ఇంట్లో కూర్చునేవాళ్లు, జబ్బుపడ్డవాళ్లు ఇంకోవైపు. కానీ మనం కడుపులో పడ్డప్పుడే ప్రకృతి మనకో చీటీ తీసింది. డి స్థాయిని నిర్ణయించే జన్యువుల్లో కొన్నిచోట్ల చిన్న చిన్న తేడాలు ఉంటాయి. ఒక జన్యువు దగ్గరి తేడా చర్మంలోని ముడిసరుకు మీద ప్రభావం చూపిస్తుంది. ఇంకొకటి కాలేయంలో జరిగే మార్పు మీద. మూడోది డిని రక్తంలో మోసుకెళ్లే ప్రొటీన్ మీద. నాలుగోది పని అయిపోయిన డిని విరిచి పారేసే ఎంజైమ్ మీద. ముడిసరుకు, తయారీ, రవాణా, పారబోత. ఎవరికి ఏ రకం వచ్చిందనేది ఫుల్ చేతుల చొక్కా మీదా ఆధారపడదు, ఎగ్జిమా మీదా ఆధారపడదు. అది అచ్చంగా చీటీ. ఈ పద్ధతిని మెండేలియన్ రాండమైజేషన్ అంటారు.

ఇక లెక్క సులువు. డి తక్కువవడమే ఎగ్జిమా తెచ్చిపెడితే, తక్కువ డి చీటీ వచ్చినవాళ్లలో ఎగ్జిమా ఎక్కువగా కనబడాలి. 2017లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ నాలుగు జన్యువుల తేడాల్ని పట్టుకుని, ఎగ్జిమా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిపి 40 వేల మందికి పైగా వివరాలు చూశారు. సంబంధం కనబడలేదు. ఉబ్బసానికి కూడా కనబడలేదు.

ఇది చివరి మాట కాదు. ఆ చీటీలు తెచ్చే తేడా చిన్నది, బాగా అడుగంటిన డి సంగతి ఈ పద్ధతి సరిగ్గా చెప్పలేదు. మంగోలియా పిల్లలకి కాస్త మేలు జరిగి ఉండొచ్చు. గర్భిణులకి రోజుకి 1000 యూనిట్లు ఇస్తే పుట్టిన పిల్లలకి ఏడాది వయసులో ఎగ్జిమా తక్కువగా ఉందని బ్రిటన్‌లో చేసిన ఒక ప్రయోగం 2022లో చెప్పింది, ఆ తేడా పిల్లలు పెద్దయ్యేకొద్దీ పలచబడింది. 44 ఏళ్ల లెక్కల మాస్టారి చేతుల గురించి మాత్రం ఎవరూ ఏ హామీ ఇవ్వలేదు. నేనే ఇచ్చుకున్నాను.

పనిలో పనిగా ఒక విడ్డూరం. ల్యాబుల్లో ఎలుకకి ఎగ్జిమాలాంటి జబ్బు తెప్పించాలంటే శాస్త్రవేత్తలు దాని చెవికి ఏం పూస్తారో తెలుసా? కాల్సిపోట్రియాల్. అది విటమిన్ డి నమూనాలో తయారుచేసిన మందు, సొరియాసిస్‌కి వాడతారు. ఎలుక చర్మం మీద అది టీఎస్‌ఎల్‌పీ అనే అలర్జీ సంకేతాన్ని రేపి, ఎర్రబడి దురదపెట్టేలా చేస్తుందని 2006లో ఫ్రాన్స్‌లో కనిపెట్టారు. ఎలుక చెవి మనిషి చెయ్యి కాదు, నిజమే. కానీ "డి అంటే చర్మానికి అమృతం" అని నాలాగా తీర్మానించుకున్నవాళ్లు ఒకసారి ఆ ఎలుకని తలచుకుంటే మంచిది.

ఇప్పుడు అరచేతి గీతల దగ్గరికి వస్తాను.

ఆ గీతలు ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ తక్కువైనవాళ్లలో తరచుగా కనబడతాయి. దాని జన్యువు ఒకటో క్రోమోజోమ్ మీద ఉంది. 1981లో పేరుపెట్టిన ఈ ప్రొటీన్ చర్మకణంలోని కెరటిన్ పోగుల్ని కట్టగట్టి, కణాన్ని బల్లపరుపుగా నొక్కేస్తుంది. అలాంటి కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటేనే చర్మం పైపొర గట్టిగా ఉంటుంది. కట్టే పని అయ్యాక ఫిలాగ్రిన్ ముక్కలుముక్కలై, తేమని పట్టి ఉంచే పదార్థాలుగా మారిపోతుంది. అంటే గోడకి అదే సున్నం, అదే తడి. అది తక్కువైతే లోపలి నీరు ఆవిరైపోతుంది, బయటి సబ్బూ సుద్దా దుమ్మూ లోపలికి వస్తాయి. 2006లో స్కాట్లాండ్‌లోని డండీలో ఇర్విన్ మెక్‌లీన్ బృందం, ఈ జన్యువు తెగిపోయి ఉన్నవాళ్లకి ఎగ్జిమా ముప్పు బాగా ఎక్కువని చూపించింది. అప్పటిదాకా ఎగ్జిమా అంటే ముందు రక్తంలో అలర్జీ, తర్వాత చర్మం మీద పొక్కు అనుకునేవాళ్లు చాలామంది. ఆ తర్వాత వరస మారింది. గోడ ముందు పగలొచ్చు, అలర్జీ ఆ పగుల్లోంచి రావొచ్చు.

యూరప్ జనాభాలో పదిమందిలో సుమారు ఒకరికి ఈ జన్యువు ఒక కాపీ దెబ్బతిని ఉంటుంది. వాళ్లలో చాలామందికి ఎగ్జిమా ఎప్పటికీ రాదు. ఎగ్జిమా ఉన్నవాళ్లలో చాలామందికి ఈ జన్యువు బాగానే ఉంటుంది, ముఖ్యంగా పెద్దయ్యాక మొదటిసారి వచ్చినవాళ్లకి. చిన్నప్పుడే వచ్చి, మొండిగా నిలిచిపోయే రకంలో దీని పాత్ర ఎక్కువ. జన్యువు తెగకపోయినా తేడాలున్నాయి. ఇందులో ఫిలాగ్రిన్ ముక్క వరసగా 10, 11 లేదా 12 సార్లు రాసి ఉంటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి కలిపితే 20 నుంచి 24 దాకా. మొత్తం పెరిగేకొద్దీ ఎగ్జిమా ముప్పు తగ్గుతుందట. ఇంత అందమైన కూడిక జీవశాస్త్రంలో ఉంటుందని నాకెవరూ చెప్పలేదు, చెబితే బైపీసీ తీసుకునేవాణ్ణేమో.

ఇది ఒక్క జన్యువు కథ కాదు. 2023 నాటికే ఎగ్జిమాతో ముడిపడ్డ చోట్లు జన్యుపటంలో దాదాపు 90 దొరికాయి. వాటిలో చాలావరకు రోగనిరోధక వ్యవస్థకి సంబంధించినవి. ఐదో క్రోమోజోమ్ మీద ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాల జన్యువులున్న చోటు వాటిలో ఒకటి. ఈ రెండు సంకేతాలూ ఎక్కువైతే, ఫిలాగ్రిన్ జన్యువు నిక్షేపంగా ఉన్నవాళ్లలో కూడా ఆ ప్రొటీన్ తయారీ తగ్గిపోతుంది. 2017లో అమెరికాలో అనుమతి పొందిన డుపిలుమాబ్ ఇంజెక్షన్ ఆ రెండు సంకేతాల్నే అడ్డుకుంటుంది. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఎగ్జిమా ఉంటే రెండోవాళ్లకి ఉండే అవకాశం డెన్మార్క్ లెక్కల్లో 72 శాతం, వేర్వేరు పిండాల కవలల్లో 23 శాతం. జన్యువుల బలం ఎంతో ఆ తేడా చెబుతుంది. ఒకే జన్యువులున్నా 28 శాతం తప్పించుకున్నారన్నది కూడా చెబుతుంది.

నన్ను నవ్వించినది ఇంకొకటి ఉంది. ఫిలాగ్రిన్ విరిగి వచ్చే పదార్థాల్లో యూరోకానిక్ ఆమ్లం ఒకటి. అది చర్మంలో యూవీబీని పీల్చుకుంటుంది, అంటే సహజమైన గొడుగు. ఫిలాగ్రిన్ తక్కువైతే గొడుగు పలచన, కిరణాలు లోపలికి ఎక్కువ దిగుతాయి. డెన్మార్క్, జర్మనీల్లో చూస్తే ఫిలాగ్రిన్ జన్యువు దెబ్బతిన్నవాళ్ల రక్తంలో విటమిన్ డి కాస్త ఎక్కువగానే ఉంది. తక్కువ కాదు, ఎక్కువ! నా అరచేతి గీతలు నిజంగా ఫిలాగ్రిన్ లోపాన్నే చెబుతుంటే, నా చర్మం డి తయారీలో వెనకబడ్డది కాదు. 11 అనే నంబరు చొక్కా చేతులదే అయ్యుండాలి.

జన్యుపరీక్ష చేయించుకుంటానన్నాను. డాక్టరుగారు వద్దన్నారు. "వస్తే ఏం చేస్తారు? గోడకి పూత పూస్తారు. రాకపోతే? అప్పుడూ పూతే పూస్తారు." కణాల్లో విటమిన్ డిని అందుకునే ప్రొటీన్ (గ్రాహకం) జన్యువులో తేడాలకీ, పెద్దవాళ్ల తీవ్రమైన ఎగ్జిమాకీ సంబంధం ఉందని 2013లో జర్మనీ నుంచి వచ్చిన ఒక పరిశోధన చూపించాను. కొన్ని వందల మంది మీద చేసింది, అలాంటివి ఇంకా పెద్ద గుంపులో నిలబడితే అప్పుడు మాట్లాడదాం అన్నారు. నోటు పుస్తకం మూసి నా చేతిలో పెట్టారు.

వైద్యం చాలా చప్పగా ఉంది. స్నానం గోరువెచ్చని నీళ్లతో, త్వరగా. ఒళ్లు పూర్తిగా ఆరకముందే పూత, అంటే తేమ పోకుండా ఉంచే మాయిశ్చరైజర్. ఒళ్లంతా రాసుకోవాలంటే వారానికి కనీసం 250 గ్రాములు పడుతుందని విని, నేను రెండు నెలలు సరిపెట్టిన 100 గ్రాముల ట్యూబు గుర్తొచ్చి సిగ్గేసింది. చేతులకి స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు, వేలి చివరి కణుపు పొడవున పిండితే రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. స్టెరాయిడ్ అనగానే నేను వెనక్కి జరిగాను. ఏడాదిన్నర విటమిన్ వెనకాల తిరగడానికి అసలు కారణం ఆ భయమేనని అప్పుడు ఒప్పుకున్నాను. విటమిన్ అంటే మంచిపిల్లాడు, స్టెరాయిడ్ అంటే రౌడీ. ఆ మంచిపిల్లాణ్ణి హద్దు మీరి మింగినవాణ్ణి నేనే. తగ్గాక కూడా పాత మచ్చల మీద వారానికి రెండుసార్లు రాయమన్నారు, తిరగబెట్టకుండా. కనురెప్పలకి మాత్రం స్టెరాయిడ్ కాదు, టాక్రోలిమస్. మొదటి నాలుగు రోజులు కారం పూసినట్టు మండింది, తర్వాత అలవాటైంది.

సుద్దముక్కకి ఒక ప్లాస్టిక్ పట్టుకర్ర కొన్నాను. పిల్లలు దానికి మాస్టారి మంత్రదండం అని పేరు పెట్టారు. సబ్బు మానేసి జిడ్డు తీయని క్లెన్సర్ వాడుతున్నాను. రోజుకి 1000 యూనిట్ల డి వేసుకుంటూనే ఉన్నాను, ఎముకల కోసం. దాన్ని చర్మం ఖాతాలో రాయడం మానేశాను. నాలుగు నెలల తర్వాత దురద సగటు 2.1. అదే నోటు పుస్తకం, అదే పెన్ను.

నాన్న సంగతి మిగిలింది. ఆ సాయంత్రం వీడియో కాల్ చేసి, "నాన్నా, ఒకసారి కాళ్లు చూపించు" అన్నాను.

"ఏమిట్రా, పొద్దుపోక ఆటలా?"

"చూపించు నాన్నా."

ఫోను వంచారు. పిక్కల ముందువైపు, మోకాలి కింద నుంచి చీలమండ దాకా, ఎండి బీటలువారిన చెరువు అడుగులా చిన్న చిన్న పలకలు. అంచులు తెల్లగా లేచి ఉన్నాయి. ఇక్థియోసిస్ వల్గారిస్. ఫిలాగ్రిన్ తక్కువైతే వచ్చేదే, ఎగ్జిమాతో జతగా తిరిగేదే. మా డాక్టరుగారు చూడకుండానే ఊహించింది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఎప్పట్నుంచేమిట్రా, కాళ్లు ఇలాగే ఉంటాయి. చలికాలం ఇంకాస్త. మా నాన్నకీ అంతే. అందరికీ అంతే."

78 ఏళ్లుగా అందరి కాళ్లూ అలాగే ఉంటాయని ఆయన నమ్మకం. అందరికీ అలా ఉండదని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది, ఆయన నమ్మినట్టు లేదు. అరచెయ్యి చూపించమన్నాను. మసక కెమెరాలో గీతలు సరిగ్గా కనబడలేదు. "ఇవి చూపించుకుని జాతకం చెప్పించుకునే వయసు దాటిపోయాను" అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

నేను వాడే పూతే ఒక పెద్ద డబ్బా పంపాను, స్నానం అవగానే రాసుకోమని అమ్మకి చెప్పి. మూడు వారాల తర్వాత ఆయనే ఫోన్ చేశారు.

"ఒరేయ్, నువ్వు పంపినదాంతో మహా జిడ్డురా. పంచెకి అంటుతోంది, దుప్పటికి అంటుతోంది. మీ అమ్మ గోల."

"మానేశావా మరి?"

"మానేసేదేముంది, అయిపోయింది. ఇంకో డబ్బా పంపు. కాస్త పెద్దది."